నెట్ లేని ఊరికి మోసుకెళ్లే మూట

మన ఎరుకల, సుగాలి, యానాది, చెంచు ఇళ్ల నుంచి పాలిటెక్నిక్కుకూ ఇంజనీరింగుకూ వెళ్లే పిల్లలు ఇప్పుడు ఏటా కనిపిస్తున్నారు. నరసరావుపేటలో చదివేవాళ్లున్నారు. గుంటూరు, హైదరాబాదు వెళ్లినవాళ్లున్నారు. సెలవులకు వచ్చినప్పుడు వాళ్లు చెప్పుకునే బాధల్లో ఒకటి మాకు తరచూ వినిపిస్తోంది. "సార్, క్లాసులో అందరూ డాకర్ అంటున్నారు, కంటైనర్ అంటున్నారు. నల్లతెర మీద ఏదేదో కొడుతున్నారు. మాకు మౌస్ పట్టుకోవడమే కాలేజీలో చేరాక వచ్చింది. అడగాలంటే సిగ్గేస్తోంది."

మేం బడిపంతుళ్లం. టీటీసీ చదివి, చిన్న తరగతుల పిల్లలకు అక్షరాలు దిద్దించేవాళ్లం. కంప్యూటరు మా సబ్జెక్టు కాదు. అయినా పిల్లలు అడిగాక ఊరుకోలేకపోయాం. వాళ్ల దగ్గరే కొంత, పుస్తకాల్లో కొంత, ఒక పాత లాప్‌టాప్ ముందేసుకుని కొంత నేర్చుకున్నాం. నేర్చుకున్నాక మాకు ఒక సంగతి తెలిసింది. ఈ నల్లతెర పని కలిగినింటి పిల్లలకంటే మన పిల్లలకే ఎక్కువ అక్కరకొస్తుంది. ఎందుకొస్తుందో చెప్పడానికే ఇది రాస్తున్నాం.

కంటైనర్ అంటే అసలు ఓడల మీద వెళ్లే ఇనుప పెట్టె. హైవే మీద పెద్ద లారీలు మోసుకుపోతుంటే మీరంతా చూసే ఉంటారు. అవి రాకముందు ఓడలో సరుకెక్కించాలంటే బస్తాలు వేరు, పీపాలు వేరు, కట్టలు వేరు. ఒక్కోదాన్నీ కూలీలు మోసి ఎక్కించాలి, అవతలి రేవులో మళ్లీ మోసి దించాలి. అమెరికాలో మాల్కం మెక్లీన్ అనే లారీల యజమాని సరుకంతా పెట్టెల్లో సర్ది, పెట్టెకు పెట్టె ఎత్తి ఓడలో పెట్టే పద్ధతి తెచ్చాడు. 1956 ఏప్రిల్ 26న ఐడియల్ ఎక్స్ అనే ఓడ 58 పెట్టెలతో నెవార్క్ రేవు నుంచి హ్యూస్టన్‌కు బయలుదేరింది. తర్వాత ఆ పెట్టెలకు ప్రపంచమంతా ఒకే కొలతలు వచ్చాయి. పెట్టెలో మిరపకాయలున్నాయో బొమ్మలున్నాయో క్రేను నడిపే మనిషికి అక్కర్లేదు. కొలత సరిపోతే చాలు.

సాఫ్ట్‌వేర్‌లోనూ ఇలాంటి చిక్కే ఉండేది. ఒక ప్రోగ్రాం నడవాలంటే దానికి తోడు చాలా కావాలి. ఫలానా భాష, అందులో ఫలానా వెర్షన్, ఫలానా లైబ్రరీలు, ఫలానా సెట్టింగులు. రాసినవాడి కంప్యూటర్లో అవన్నీ ఉంటాయి. మన దాంట్లో ఒకటి లేకపోయినా, ఒకటి పాతదైనా ప్రోగ్రాం మొరాయిస్తుంది. "మా మిషన్లో బాగానే నడుస్తోందే" అంటాడు రాసినవాడు. కంటైనర్ పద్ధతిలో ప్రోగ్రామునూ దానికి కావలసిన సరంజామానూ కలిపి ఒకే మూట కడతారు. ఆ మూట పేరు ఇమేజ్. ఇమేజ్ నుంచి లేచి నడిచేదాని పేరు కంటైనర్. ఇటుకల బట్టీ దగ్గర పెరిగిన పిల్లలకు మేం ఇలా చెబుతాం: ఇమేజ్ అచ్చు, కంటైనర్ ఇటుక. అచ్చు ఒకటే, దాంతో ఇటుకలు ఎన్నైనా తీయొచ్చు. ఒక ఇటుక పగిలితే అచ్చుకేం కాదు.

కంటైనర్‌లో మొత్తం కంప్యూటరు ఉండదు. వర్చువల్ మిషన్ అనే పాత పద్ధతిలో ఒక కంప్యూటరు లోపల ఇంకో ఆపరేటింగ్ సిస్టం మొత్తం నడుస్తుంది. అందుకే అది బరువు. కంటైనర్లు అలా కాకుండా ఒకే లినక్స్ కెర్నెల్‌ను పంచుకుంటాయి. ఒకే ఇంట్లో గదులు అడ్డుకట్టుకుని నాలుగు కుటుంబాలు ఉన్నట్టు. పొయ్యిలు వేరు, పునాది ఒకటే. ఈ అడ్డుగోడలు ఒక్కరోజులో రాలేదు. 1979లోనే యూనిక్స్‌లో సీహెచ్‌రూట్ అనే ఏర్పాటు ఉంది. ఒక ప్రోగ్రాంకు ఒక ఫోల్డరునే లోకమంతగా చూపించడం దాని పని. ఏ ప్రోగ్రాం ఎంత వాడుకోవాలో హద్దు పెట్టే సీగ్రూప్స్ పనిని గూగుల్ ఇంజనీర్లు 2006లో మొదలుపెట్టారు. అది 2008 జనవరిలో లినక్స్ కెర్నెల్‌లోకి వచ్చింది. అందులో మెమరీకి హద్దు పెట్టే భాగం రాసినవారిలో ముఖ్యుడు ఐబీఎంలో పనిచేసిన బల్బీర్ సింగ్. 2013 మార్చిలో సాలమన్ హైక్స్ అనే ఆయన ఒక సభలో అయిదు నిమిషాల్లో డాకర్‌ను చూపించాడు. అంతకుముందు గట్టి నిపుణులకే చేతనైన పని ఆ రోజు నుంచి కొన్ని చిన్న మాటల్లోకి వచ్చింది. 2015లో ఈ మూటలకూ అందరూ ఒప్పుకునే కొలతలు పెట్టడానికి కంపెనీలన్నీ కలిసి ఒక సంఘం కట్టాయి. అందువల్ల ఒకరి పనిముట్టుతో కట్టిన మూట ఇంకొకరి పనిముట్టుతో విప్పుకోవచ్చు.

ఆ మాటలు ఎన్నో చూద్దాం. తెర మీద ఇంగ్లీషు అక్షరాల్లో కొట్టాలి. నోటితో పలికితే ఇలా ఉంటాయి. డాకర్ పుల్ అంటే మూటను నెట్ నుంచి దించుకో. డాకర్ రన్ అంటే విప్పి నడుపు. డాకర్ పీఎస్ అంటే ఇప్పుడు ఏవి నడుస్తున్నాయో చూపు. దాని వెనక చిన్న గీత పెట్టి ఏ అక్షరం చేరిస్తే ఆగిపోయినవి కూడా చూపిస్తుంది. డాకర్ లాగ్స్ అంటే అది లోపల ఏం చెప్పుకుంటోందో వినిపించు. డాకర్ ఎగ్జెక్ అంటే నడుస్తున్నదాని లోపలికి వెళ్లి ఈ పని చెయ్యి. డాకర్ స్టాప్ అంటే ఆపు. డాకర్ ఆర్ఎం అంటే ఆగినదాన్ని తీసెయ్. డాకర్ ఇమేజెస్ అంటే మన దగ్గరున్న మూటల జాబితా. సేవ్, లోడ్ అని ఇంకో రెండున్నాయి. వాటి గురించే ముందుకెళ్లి ఎక్కువ చెబుతాం. మొత్తం పది. యాభై ఆరు అక్షరాలూ గుణింతాలూ ఒత్తులూ దాటివచ్చిన పిల్లకు పది మాటలు ఒక లెక్కా?

మన పిల్లలు ఇంట్లో ఒక భాష మాట్లాడతారు. మా ఇళ్లలో కుర్రు భాష, తండాలో గోర్ బోలీ. బడికొస్తే తెలుగు. తెలుగు ఒంటబట్టేసరికి ఇంగ్లీషు మీడియం. రెండు గట్లు దాటి మూడో గట్టు మీద నిలబడ్డవాడిని ఇంటర్వ్యూలో యాస చూసి పక్కన పెట్టిన కంపెనీ ఒకటి మాకు తెలుసు. నల్లతెర యాస అడగదు. స్పెల్లింగు మాత్రం అడుగుతుంది. ఒక అక్షరం తప్పితే కాదంటుంది, సరిచేస్తే ఔనంటుంది. ఎవరి పిల్లవని అడగదు. మా దగ్గరికొచ్చే పిల్లల్లో క్లాసులో నోరు మెదపనివాళ్లు కూడా టెర్మినల్ ముందు కూర్చుంటే చకచకా కొడతారు.

తప్పు వచ్చినప్పుడు తెర నింపేసే ఇంగ్లీషు చూసి భయపడతారు. మేం ఆఖరి వరుస ముందు చదవమంటాం. ఎక్కువసార్లు మూడింట్లో ఒకటి ఉంటుంది. ఫైలు లేదు అంటుంది, అంటే పేరో దారో తప్పు కొట్టాం. అనుమతి లేదు అంటుంది, అంటే ఆ ఫోల్డరు మన పేరు మీద లేదు. పోర్టు ఇప్పటికే వాడుకలో ఉంది అంటుంది, అంటే ఆ గుమ్మంలో ఇంకెవరో కూర్చున్నారు, వేరే నంబరు ఇవ్వాలి. ఈ మూడు గుర్తుపట్టడం వస్తే సగం భయం పోతుంది. ఇంకొక మాట. ఫైళ్లకూ ఫోల్డర్లకూ తెలుగులో పేర్లు పెట్టుకోవాలని మాకూ ఉంటుంది. కానీ చాలా టెర్మినళ్లు ఇప్పటికీ మన ఒత్తులను సరిగా చూపించవు, అక్షరాలు విడివిడిగా పడతాయి. అందుకని ఫోల్డరు పేరు ఇంగ్లీషులో పెట్టుకుని, లోపలి ఫైలులో తెలుగు రాసుకోవడం మేలు.

కమాండ్ లైన్‌తో ఇంకో సుఖముంది. అది కాగితం మీద రాసుకోవడానికి కుదురుతుంది. మౌస్ పని ఫోనులో చెప్పాలంటే "పైన కుడి పక్కన ఉంటుంది చూడు, అది కాదు, దాని కింద" అని అరగంట పడుతుంది. కమాండ్ అయితే ఒక్క వరుస మెసేజి పెడితే చాలు. మాచర్ల నుంచి అడిగినవాడికి నరసరావుపేట నుంచి జవాబు చెప్పొచ్చు. పైగా ఒక మోస్తరు పాత మిషన్ చాలు. విండోస్‌లో డాకర్ డెస్క్‌టాప్ అని బొమ్మలతో నడిచేదొకటుంది. అది లోపల చిన్న లినక్స్‌ను నడిపి దాని మీద కంటైనర్లను నడుపుతుంది, కాబట్టి మెమరీ బాగా తింటుంది. లినక్స్ ఎక్కించిన పాత లాప్‌టాప్‌లో కమాండ్లతో నేరుగా నడిపితే ఆ బరువు ఉండదు. ఆఫీసులు పక్కన పడేసిన లాప్‌టాప్ ఒకటి సంపాదించి దాంట్లో లినక్స్ వేసుకోండి. తెలుగు రాష్ట్రాల్లో స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్ ఉద్యమం నడుపుతున్న స్వేచ్ఛ సంస్థవాళ్లు ఎంతోకాలంగా చెబుతున్నదీ ఇదే.

ఇప్పుడు సేవ్, లోడ్ సంగతి. అంతకంటే ముందు మన పెద్దల కథ ఒకటి చెప్పాలి.

మా ఎరుకలవాళ్లను బుట్టలల్లేవాళ్లుగా, సోది చెప్పేవాళ్లుగా చాలామందికి తెలుసు. అంతకుముందు మా పెద్దల్లో చాలామంది ఉప్పు మోసేవాళ్లు. సముద్రపొడ్డున ఉప్పు కొని గాడిదల మీదా ఎద్దుల మీదా వేసుకుని, బండిదారి లేని ఊళ్లకు తీసుకుపోయేవాళ్లు. అక్కడ ధాన్యానికి మార్చుకుని వెనక్కి వచ్చేవాళ్లు. సుగాలీల పెద్దలదీ అదే పని, ఇంకా పెద్ద ఎత్తున. వేల ఎద్దులతో బిడారులు కట్టి, సైన్యాలకు సైతం ధాన్యం అందించారు. ఉన్నచోటి నుంచి లేనిచోటికి సరుకు చేర్చడం మన పెద్దల విద్య. పందొమ్మిదో శతాబ్దం నడుమ నుంచి రైళ్లు వచ్చాయి, రోడ్లు వచ్చాయి, ఉప్పు మీద సర్కారు పట్టు బిగిసింది. మోసేవాళ్లకు పని పోయింది. పని పోయి తిరుగుతున్నవాళ్లను తెల్లదొరలు దొంగలన్నారు. 1871లో నేరస్థ జాతుల చట్టం చేశారు, 1911 తర్వాత దాన్ని మద్రాసు రాజధానిలోనూ అమలు చేశారు. మనవాళ్లను స్టువర్టుపురం లాంటి సెటిల్‌మెంట్లలో కాపలా పెట్టారు. 1952లో ఆ చట్టం రద్దయినా ఆ పేరు ఇంకా పూర్తిగా పోలేదని మీకూ తెలుసు, మాకూ తెలుసు.

ఈ కథ ఎందుకంటే, సరుకు మోసే పద్ధతి మారినప్పుడల్లా కొత్త పద్ధతి చేతిలో లేనివాళ్లు నష్టపోయారు. రైలు వచ్చినప్పుడు మన చేతిలో దాని తాళం లేదు. ఇప్పుడు చదువూ సమాచారమూ మోసే పద్ధతి మారుతోంది. ఈసారి ఆ పనిముట్టు ఖరీదైనది కాదు. నేర్చుకుంటే చేతికొస్తుంది.

వెల్దుర్తి, బొల్లాపల్లి మండలాల్లో అడవి అంచు గూడేల్లో, తండాల్లో సిగ్నల్ ఒక రాయి మీద దొరికితే ఇంకో రాయి మీద దొరకదు. అక్కడి బడికి నెట్ వచ్చేదాకా పిల్లలు ఆగాలా? అక్కర్లేదు. కివిక్స్ అని ఒక ఉచిత ప్రోగ్రాం ఉంది. 2007లో మొదలైంది. వికీపీడియా మొత్తాన్ని జిమ్ అనే ఒక ఫైలుగా చేసి, నెట్ లేకుండా చదువుకునేలా చేస్తుంది. 2003లో మొదలైన తెలుగు వికీపీడియాకూ అలాంటి ఫైలుంది. కివిక్స్‌ను సర్వరుగా నడిపే కంటైనర్ ఇమేజ్ కూడా తయారుగా దొరుకుతుంది.

పని ఇలా సాగుతుంది. నెట్ బాగున్న ఊళ్లో, అంటే నరసరావుపేటలోనో గురజాలలోనో కూర్చుని, కివిక్స్ ఇమేజ్‌ను పుల్ చేస్తాం. తెలుగు వికీపీడియా జిమ్ ఫైలునూ దించుకుంటాం. తర్వాత డాకర్ సేవ్. ఇది ఇమేజ్‌ను ఒక టార్ ఫైలుగా కట్టి పెడుతుంది. ఆ రెండు ఫైళ్లనూ పెన్‌డ్రైవులో వేసుకుని బస్సెక్కుతాం. తండా బడిలో ఉన్న లాప్‌టాప్‌లో డాకర్ ముందే ఎక్కించి ఉండాలి. అక్కడ డాకర్ లోడ్ అని ఆ టార్ ఫైలు పేరు ఇస్తే మూట దిగుతుంది. దిగిందో లేదో ఇమేజెస్ కమాండ్‌తో చూసుకుంటాం. అప్పుడు రన్. రన్ వెనక రెండు సంగతులు చెప్పాలి. ఒకటి, జిమ్ ఫైలున్న ఫోల్డరును కంటైనర్ లోపలి డేటా ఫోల్డరుకు ముడివెయ్యాలి. రెండు, లోపలి 8080 పోర్టును బయటి 8080 పోర్టుకు కలపాలి. లాప్‌టాప్ హాట్‌స్పాట్ వేసి, పిల్లల చేతుల్లో ఉన్న ఫోన్లు దానికి కలిపి, బ్రౌజరులో లాప్‌టాప్ అడ్రసు, చివర 8080 కొడితే తెలుగు వికీపీడియా తెరుచుకుంటుంది. రీచార్జి అక్కర్లేదు. మేం ఇలా పెట్టిన చోట ఒక అయిదో తరగతి పిల్ల మొదట వెతికింది పాముల గురించి. ఏది విషపు పాము, ఏది కాదు అని చదివి, ఇంటికెళ్లి వాళ్ల నాన్నకు చెప్పింది. నాగార్జునకొండ గురించి వెతికినవాళ్లు, తామెప్పుడూ ఎక్కని కొండ మీద అంత చరిత్ర ఉందా అని ఆశ్చర్యపోయారు.

ఈ పని చేసేవాళ్లు కొన్ని జాగ్రత్తలు రాసిపెట్టుకోండి. సేవ్, లోడ్ ఒక జత. ఎక్స్‌పోర్ట్, ఇంపోర్ట్ అని ఇంకో జత ఉంది. ఆ రెండో జత కంటైనర్ లోపలి ఫైళ్లను మాత్రమే తీసుకుంటుంది, మొదలుపెట్టగానే ఏం నడపాలన్న సూచన పోతుంది. మూట మోయడానికి సేవ్, లోడ్ వాడాలి. మామూలు లాప్‌టాప్‌లోని ప్రాసెసరు వేరు, రాస్ప్‌బెర్రీ పై లాంటి చిన్న బోర్డులో ప్రాసెసరు వేరు. ఒకదానికి దించిన ఇమేజ్ రెండోదాంట్లో నడవదు, కాబట్టి ఏ మిషన్‌కు తీసుకెళ్తున్నామో ముందే చూసుకుని దించాలి. రన్ చేసేటప్పుడు రీస్టార్ట్ అనే సూచన ఇస్తే, కరెంటు పోయి వచ్చి లాప్‌టాప్ వేసినప్పుడు కంటైనర్ దానంతటదే లేస్తుంది. మన కరెంటు సంగతి తెలిసిందే కాబట్టి ఇది మరిచిపోవద్దు. ఒకే కాలేజీ నెట్ మీద నలభైమంది ఒకేసారి పుల్ చేస్తే డాకర్ హబ్ ఆపేయొచ్చు. పేరు నమోదు చేసుకోకుండా దించుకునేవాళ్లకు 2020 నవంబరు నుంచి హద్దు పెట్టారు. ఒకరు దించి, సేవ్ చేసి, మిగతావాళ్లకు పంచితే అందరికీ సరిపోతుంది.

జాగ్రత్తల్లో అన్నిటికంటే పెద్దది ఇప్పుడు చెబుతాం. దీనికి మూల్యం చెల్లించింది మనవాళ్లే.

కంటైనర్ ఇటుక లాంటిదన్నాం. దాన్ని పగలగొట్టి ఇంకోటి తీయడం ఈ పద్ధతిలో రోజూ జరిగే పని. అయితే నడుస్తున్న కంటైనర్ లోపల మనం రాసింది, దాచింది ఏదైనా ఉంటే ఆర్ఎం కొట్టగానే దాంతోపాటే పోతుంది. పోకూడనిది ఏదైనా బయటి ఫోల్డరులోనో వాల్యూమ్‌లోనో ఉండాలి, దాన్ని కంటైనర్‌కు ముడివెయ్యాలి. కంటైనర్ పోయినా వాల్యూమ్ ఉంటుంది. ఒక సంస్థవాళ్లు మన భాషల పాటలు, కథలు రికార్డు చేస్తామని ఊళ్లకు వచ్చారు. పేరు వద్దు. మా వైపు ఒక అవ్వ కుర్రు భాషలో పెళ్లి పాటలు పాడింది. రెండు రోజులు కూర్చుని పాడింది. నడుమ నడుమ ఆగి, ఈ మాట ఇప్పుడు ఎవరూ అనడం లేదు అని అర్థం కూడా చెప్పింది. వాళ్లు ఆ రికార్డింగులను కంటైనర్‌లో నడిచే ఒక ప్రోగ్రాంలోకి ఎక్కించారు. బయటి ఫోల్డరుకు ముడి వెయ్యలేదు. కొత్త వెర్షన్ పెట్టేటప్పుడు పాత కంటైనర్‌ను తీసేశారు. ఇంకో కాపీ ఎక్కడా లేదు. కొన్నాళ్లకు అవ్వ కొడుకు ఆ పాటలు అడిగితే "టెక్నికల్ ప్రాబ్లం" అన్నారు. అప్పటికి అవ్వ పోయింది.

ఆ టెక్నికల్ ప్రాబ్లం ఏమిటో మాకు ఆ రోజు తెలియదు. తర్వాత మా దగ్గర చదువుకుని డిప్లొమాకు వెళ్లిన కుర్రాడొకడు విడమరిచి చెప్పాడు. "సార్, ఒక్క వరుసలో గీత పెట్టి వి రాసి ఫోల్డరు పేరు ఇచ్చుంటే ఆ పాటలు ఉండేవి" అన్నాడు. మాకు నోట మాట రాలేదు. ఆ గదిలో ఆ రోజు మన పిల్లల్లో ఒకరు కూర్చుని ఉంటే, ఆ ముడి ఏదని అడిగి ఉండేవాళ్లు. అడిగేవాళ్లు మనలో నుంచి రావాలన్న ఆలోచన మాకు అక్కడ గట్టిపడింది.

మూట ఎవరు కట్టారన్నది ఇంకో ప్రశ్న. ముక్కూ మొహం తెలియనివాడు కట్టిన ఇమేజ్‌ను నడపడమంటే తెలియనివాడిచ్చిన సంచి విప్పకుండా ఇంట్లో పెట్టుకోవడమే. ప్రోగ్రాం రాసినవాళ్లే కట్టిన ఇమేజ్‌ను, వాళ్ల పేజీలో చెప్పిన చోటు నుంచే దించుకోండి. లేటెస్ట్ అని రాసి వదిలేయకుండా వెర్షన్ నంబరు ఇవ్వండి. ఈ వారం దించిన లేటెస్టూ వచ్చే నెల దించే లేటెస్టూ ఒకటి కాకపోవచ్చు. ప్రతి ఇమేజ్‌కూ డైజెస్ట్ అని పొడవాటి గుర్తు ఉంటుంది. మూట మీద వేసిన ముద్ర లాంటిది. లోపల ఒక్క అక్షరం మారినా ముద్ర మారుతుంది. డాకర్ నడిపే గుంపులో ఒక మనిషిని చేర్చామంటే ఆ కంప్యూటరు తాళాలన్నీ అతనికి ఇచ్చినట్టే లెక్క. బడి లాప్‌టాప్‌లో అది ఎవరికి ఇస్తున్నామో చూసుకోవాలి. రెడ్ హ్యాట్ కంపెనీ తెచ్చిన పాడ్‌మన్ అనే పనిముట్టు మామూలు యూజరు హక్కులతోనే కంటైనర్లు నడపనిస్తుంది. కమాండ్లు దాదాపు అవే. డాకర్ అన్న చోట పాడ్‌మన్ అని కొడితే చాలావరకు సరిపోతుంది. ఒకటి నేర్చుకుంటే రెండూ వచ్చినట్టే.

డబ్బు సంగతి కూడా తెలిసి ఉండాలి. డాకర్ డెస్క్‌టాప్‌కు 2021 ఆగస్టులో నియమాలు మార్చారు. 250 మంది ఉద్యోగులో, ఏడాదికి కోటి డాలర్ల ఆదాయమో దాటిన కంపెనీలు డబ్బు కట్టాలి. విద్యార్థులకూ చిన్న సంస్థలకూ ఉచితమే. లినక్స్‌లో కమాండ్లతో నడిచే డాకర్ ఇంజినూ, పాడ్‌మనూ ఎవరైనా వాడుకోదగ్గ ఓపెన్ సోర్స్ పనిముట్లు. బొమ్మల మీద నొక్కడం మాత్రమే నేర్చుకున్నవాడు, ఆ బొమ్మల యజమాని నియమం మార్చిన రోజు ఇబ్బంది పడతాడు. అడుగున ఉన్న కమాండ్ నేర్చుకున్నవాడు పనిముట్టు మార్చుకుంటాడు.

తోటి టీచర్లకు ఒక మాట. మనం పాఠ్యపుస్తకంలో క్యూఆర్ కోడ్ స్కాన్ చేసి దీక్ష తెరుస్తాం. 2017 సెప్టెంబరు 5న మొదలైన ఆ దీక్ష, సన్‌బర్డ్ అనే ఓపెన్ సోర్స్ సాఫ్ట్‌వేర్ మీద నడుస్తుంది. ఆ సాఫ్ట్‌వేర్ భాగాలు నడిచేది కంటైనర్లలోనే. అంటే మనం రోజూ వాడుతున్న వస్తువు వెనకే ఈ విద్య ఉంది. పిల్ల అడిగినప్పుడు "అది మనవల్ల కాదమ్మా, పెద్ద కాలేజీలవాళ్లది" అని మాత్రం అనకండి. మనకు రాకపోతే, కలిసి కూర్చుని చూద్దాం అనండి. మేం అలాగే మొదలుపెట్టాం.

చదువుకుంటున్న తమ్ముళ్లకూ చెల్లెళ్లకూ చెప్పేది ఇంతే. ఉద్యోగం కోసం నేర్చుకోండి, తప్పు లేదు. కంటైనర్లు తెలిసినవాళ్లకు హైదరాబాదులో, బెంగళూరులో పని ఉంది. దాంతోపాటు వచ్చే వేసవి సెలవుల్లో రెండు పనులు చేయండి. ఒక పాత లాప్‌టాప్ సంపాదించి, మీ ఊరి బడికి కివిక్స్ మూట మోసుకెళ్లి దించండి. దాన్ని ఎలా ఆపాలో, ఎలా లేపాలో ఒక కాగితం మీద రాసి, గోడకు అంటించి రండి. మీరు వెళ్లాక అక్కడి పంతులమ్మ ఎవరినీ బతిమాలకుండా నడుపుకోగలగాలి. రెండోది, మీ ఇంట్లో పాడేవాళ్లు, కథ చెప్పేవాళ్లు ఉంటే వాళ్లను అడిగి, వాళ్లు సరేనంటే ఫోనులో రికార్డు చేయండి. ఒక ఫోల్డరులో పెట్టి, ఎవరు పాడారో, ఏ ఊరో, ఏ రోజో పక్కనే రాయండి. ఆ ఫోల్డరుకు ఇంకో రెండు కాపీలు తీసి వేరే వేరే ఇళ్లలో ఉంచండి. తర్వాత దాన్ని ఏ ప్రోగ్రాంకు ముడివెయ్యాలో, ఎవరికి వినిపించాలో నిదానంగా చూసుకోవచ్చు. ముందు పాడేవాళ్ల దగ్గరికి వెళ్లండి. వాళ్లు పెద్దవాళ్లవుతున్నారు.